‘క్రైస్తవుల ఓట్లు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, పత్రికల్లో ఒక పట్టిక కనబడుతుంది. ఈ నియోజకవర్గంలో ఫలానా కులం ఓట్లు ఇన్ని, ముస్లింలవి ఇన్ని, క్రైస్తవులవి ఇన్ని, అవి ఎటు పడతాయి అని. మీ పత్రికలోనూ వస్తుంది. నేను 1980 నుంచి ఓటేస్తున్న క్రైస్తవురాలిని. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ పట్టికలో మా గడి చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మమ్మల్నందర్నీ ఒక మూటగా కట్టి ఒక పక్కన పెట్టినట్టు ఉంటుంది. ఎందుకు బాధ కలుగుతుందో చెప్పాలంటే, మా ఇంట్లో ఓటు రోజు ఎలా గడిచేదో చెప్పాలి.

అప్పట్లో ఓటు హక్కు ఇరవై ఒకటో ఏట వచ్చేది. పద్దెనిమిదికి తగ్గించింది 1989లో. నా మొదటి ఓటు 1980 జనవరి లోక్‌సభ ఎన్నికల్లో. క్రిస్మస్ అయి ఇంకా రెండు వారాలు కాలేదు, వాకిట్లో నక్షత్రం దింపలేదు. పోలింగ్ ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు బైబిలు తీసి అందులోని ‘న్యాయాధిపతులు’ గ్రంథం తొమ్మిదో అధ్యాయం చదివారు. ఆయన మిషన్ స్కూల్లో మాస్టారు. ప్రతి ఎన్నికకూ ముందు రాత్రి అదే అధ్యాయం. చిన్నప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. ఆ రాత్రి మాత్రం చివరిదాకా విన్నాను.

చదవని వాళ్ల కోసం ఆ కథ కొంచెం చెబుతాను. గిద్యోను అనే నాయకుణ్ని ప్రజలు తమను ఏలమంటే ఆయన ఒప్పుకోలేదు. ఆయన చనిపోయాక కొడుకు అబీమెలెకు తన తల్లి ఊరైన షెకెముకు పోయి మేనమామలతో మాట్లాడాడు. గిద్యోను కొడుకులు డెబ్బైమంది ఏలడం మేలా, ఒక్కడు ఏలడం మేలా, నేను మీ రక్తసంబంధిని కదా అన్నాడు. ఊరివాళ్లు ‘ఇతను మనవాడే’ అనుకున్నారు. తమ గుడి సొమ్ములోంచి డెబ్బై తులాల వెండి తీసి అతని చేతిలో పెట్టారు. ఆ వెండితో అతను పనీపాటా లేని పోకిరీలను కూలికి మాట్లాడుకున్నాడు, తన అన్నదమ్ములను ఒకే రాతి మీద చంపించాడు, రాజయ్యాడు. తప్పించుకున్న చిన్న తమ్ముడు యోతాము గెరిజీము కొండెక్కి ఒక కథ చెప్పాడు. చెట్లన్నీ తమకొక రాజు కావాలనుకున్నాయి. ఒలీవ చెట్టు రానంది, అంజూరపు చెట్టు రానంది, ద్రాక్షతీగ రానంది. ఎవరి పని వాళ్లకుంది. చివరికి ముళ్లపొద సరేనంది, అందరూ నా నీడకు రండి అంది.

నాన్నగారు పుస్తకం మూసి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “చూశావామ్మా, ఆ ఊళ్లో ఓటు ‘మనవాడు’ అనే మాటతో మొదలైంది. ఆ వెంటనే వెండి వచ్చింది. ఆ వెండి వచ్చింది కూడా గుడిలోంచే. రేపు నువ్వు లోపలికి వెళ్లినప్పుడు ఈ మూడూ బయట వదిలేసి వెళ్లు.”

తర్వాత కాగితం మడత నేర్పించారు. బ్యాలెట్ పేపర్ రోజులవి. గుర్తు పక్కన ముద్ర కొట్టాక కాగితాన్ని ముందు నిలువుగా, ఆ తర్వాత అడ్డంగా మడవాలి. ఎలా పడితే అలా మడిస్తే తడి ముద్ర వేరే గుర్తు మీద అంటుకుంటుంది, ఎవరికి వేశామో తెలియకుండా పోతుంది. నాన్నగారు ఒక పాత పరీక్ష కాగితం వెనక గళ్లు గీసి, స్కూలు స్టాంప్ ప్యాడ్ మీద పెన్సిల్ మడమ అద్ది, నాచేత నాలుగుసార్లు మడిపించారు. ఐదోసారికి మరక పడలేదు.

పొద్దున ప్రార్థన చేసుకుని అమ్మ, నాన్నగారు, నేను ముగ్గురం నడిచి వెళ్లాం. ఇంట్లోంచి కాలు బయటపెట్టాక ఓటు గురించి ఎవరూ మాట్లాడకూడదు. తిరిగొచ్చాక అడగకూడదు, చెప్పకూడదు. నలభై ఏళ్ల కాపురంలో అమ్మ ఎవరికి ఓటేసిందో నాన్నగారికి తెలియదు, నాన్నగారు ఎవరికి వేశారో అమ్మకు తెలియదు. ఫలితాలు వచ్చిన రోజు ఇద్దరి మొహాలూ ఒకేలా ఉండేవి కావు. అయినా ఆ సాయంత్రం గెలిచిన మనిషి పేరు పెట్టి ఇద్దరూ కలిసి ప్రార్థన చేసేవారు. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసినప్పుడు, నీకు నచ్చిన రాజుల కోసం అని రాయలేదు కదా. వేలి మీద సిరా పోయేదాకా రోజూ ఆ పేరు మా కుటుంబ ప్రార్థనలో ఉండాలని నాన్నగారి నియమం. చర్మం మీద తొందరగానే పోతుంది గానీ గోటి మీద మరక గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. మనం ఓటెయ్యనివాడి కోసం వారాల తరబడి దేవుణ్ని అడగడం తేలికైన పని కాదు. నాకైతే రెండు మూడు ఎన్నికల తర్వాత ఆ పేరు పలకడం కొంత సులువైంది.

తర్వాత నేనూ టీచరునయ్యాను, ఎన్నికల డ్యూటీలు పడ్డాయి. డ్యూటీలో ఉన్నవాళ్లం పోస్టల్ బ్యాలెట్ వేయాలి. లోపలి కవరు, బయటి కవరు, డిక్లరేషన్, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం. ఆ హడావుడిలో కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాకే గుర్తు పెట్టేదాన్ని. ఎక్కువసార్లు నాకు సిరా పూసే పని వచ్చింది. మైసూరులో తయారయ్యే సిరా అది, 1962 నుంచి మన ఎన్నికల్లో వాడుతున్నారు. మొదట్లో గోరూ చర్మమూ కలిసేచోట చిన్న గుర్తు పెట్టేవాళ్లం. 2006 నుంచి గోటి పైనుంచి వేలి మొదటి కణుపు దాకా గీత గీయమన్నారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వందల వేళ్లు పట్టుకున్నాను. గోరింటాకు వేళ్లు, పొలం మట్టి ఇంకిపోయిన వేళ్లు, మణికట్టుకు ఎర్రదారం కట్టినవి, తాయెత్తు కట్టినవి. ఓటేసేముందు కొందరు మిషన్ వైపు దణ్ణం పెట్టేవారు. కొందరు పెదాలు కదిలించేవారు. ఒక పెద్దాయన అట్ట చాటుకు వెళ్లేముందు గుమ్మాన్ని ముట్టి కళ్లకద్దుకున్నాడు. నాలాగే వీళ్లూ తమ దేవుడి ముందు నిలబడి వేస్తున్నారనిపించింది. అది చూశాక నా ఓటు రోజు ప్రార్థన నా ఒక్కదాని సంప్రదాయం అనుకోవడం మానేశాను.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సింది 2019 ఏప్రిల్ 11. నేను రిటైరయ్యాక వచ్చిన మొదటి ఎన్నిక. అమ్మకు ఎనభై అయిదు, చూపు దాదాపు పోయింది. గుర్తులు కనబడని ఓటరు తోడుగా ఒకర్ని లోపలికి తీసుకెళ్లవచ్చు. తోడు వచ్చినవాళ్లు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లయి ఉండాలి, ఆ రోజు ఇంకొకరికి తోడు వెళ్లకూడదు, ఓటు ఎవరికి పడిందో బయట పెట్టనని రాసివ్వాలి. ఇన్నేళ్లు అవతలి వైపు కూర్చుని ఆ కాగితాల మీద సంతకాలు తీసుకున్న నేను, ఆ రోజు ఇవతల నిలబడి సంతకం పెట్టాను. లోపల అమ్మ నా చెవి దగ్గరికి వంగి గుర్తు చెప్పింది. అది నేను అనుకున్న గుర్తు కాదు. నేను వేయబోయేది కూడా కాదు. ఒక్క క్షణం నా వేలు ఆగింది, ఒప్పుకుంటున్నాను. “నొక్కావా?” అంది అమ్మ. నొక్కాను. ఓటు ఏ గుర్తుకు పడిందో చూపించే వీవీప్యాట్ అద్దం వెనక స్లిప్పు ఏడు సెకన్లు కనబడుతుంది. “నువ్వు చెప్పిందే పడిందమ్మా” అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ గుర్తు ఏమిటో నా భర్తకు కూడా చెప్పలేదు. అమ్మ 2022లో వెళ్లిపోయింది. ఇప్పటికీ చెప్పను. ఒకే ఇంట్లో, ఒకే బైబిలు చదివి, ఒకే ప్రార్థన చేసుకుని వెళ్లిన తల్లీకూతుళ్ల ఓట్లే రెండు గుర్తులకు పడ్డాయి. మీ పట్టికలో మా ఇద్దర్నీ ఒకే గడిలో ఎలా రాస్తారు?

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మొన్న 2024లో మా ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13, సోమవారం. ముందు రోజు ఆదివారం. అప్పటికే ప్రచారం ముగిసిపోయింది, మైకులు ఆగిపోయాయి. నేను ఆరాధనకు వెళ్లే మందిరంలో ప్రకటనల సమయానికి ఒక సంఘ పెద్ద లేచారు. ఫలానా ఆయన మన విశ్వాసి, మన మందిరానికి రేకులు వేయిస్తానని మాటిచ్చారు, రేపు సంఘమంతా ఒకే మాట మీద ఉండాలి అన్నారు. కొందరు ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్నావిడ నా మొహంలోకి చూసి తల దించుకుంది.

అందరూ వెళ్లిపోయేదాకా ఆగి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. వయసులో నాకు కొడుకులాంటివాడు. “అయ్యగారూ, న్యాయాధిపతులు తొమ్మిది ఒకసారి చూస్తారా?” అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. “టీచరమ్మగారూ, వానొస్తే పిల్లలు తడుస్తున్నారు. మీకు తెలుసు కదా” అన్నారు. నాకు తెలుసు. పోయిన వర్షాకాలంలో బల్లారాధన మధ్యలో బకెట్లు పెట్టినది నేనే. “అందుకే అడుగుతున్నానండీ, మన అవసరం వాళ్లకు తెలుసు” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నాకూ ఇంకేమీ తోచలేదు. ఆయన్ని చెడ్డవాడని నేను అనను. జ్వరం వచ్చిన ఇంటికి అర్ధరాత్రి నడిచి వెళ్లే మనిషి ఆయన.

తర్వాత రేకులు వచ్చాయి. ఇప్పుడు వాన కారడం లేదు. ఆ రేకుల కిందే కూర్చుని నేనూ ఆరాధన చేస్తున్నాను. వాన చప్పుడు రేకుల మీద పడినప్పుడల్లా నాకు ఆ డెబ్బై తులాల వెండి గుర్తొస్తుంది. ఇది చెప్పుకోవడానికి నాకు బాధగా ఉంది, అయినా చెప్పకపోతే మిగతా ఉత్తరానికి విలువ లేదు.

గుళ్లను, మసీదులను, చర్చిలను ఎన్నికల ప్రచారానికి వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. మతపరమైన చోట్ల పోలింగ్ బూతు కూడా పెట్టవద్దని డ్యూటీ ట్రైనింగుల్లో మాకు చెప్పేవారు. మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అక్రమం, గెలిచిన ఎన్నిక కూడా రద్దయిపోవచ్చు. పోటీ చేసేవాడి మతం పేరు చెప్పినా, ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురి మెజారిటీతో తేల్చింది. అంటే ‘ఆయన మన విశ్వాసి’ అన్న మాటా, ‘మీరంతా విశ్వాసులు కదా’ అన్న మాటా రెండూ తప్పే. మా సంఘ పెద్దకు ఇది తెలియకపోవచ్చు. ఆయనకు తెలియజెప్పే పని పత్రికలు చెయ్యాలి. క్రైస్తవుల ఓట్లు ఎటు అని మీరు రాసిన ప్రతిసారీ, ఆ ఓట్లు ఎవరో ఒకరు మూటగట్టి ఇవ్వగలిగే సరుకు అని ఆయనకు మీరే చెబుతున్నారు. రేకుల బేరం అక్కడ మొదలవుతుంది.

ఇంకొక సంగతి కూడా పత్రికల్లో ఎప్పుడూ కనబడదు. క్రైస్తవులకు నిజంగానే విడిగా ఓట్లున్న కాలం ఒకటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలుండేవి. మద్రాసు రాష్ట్రంలో 1937లో, 1946లో అలాగే ఎన్నికలు జరిగాయి. మా తాతయ్య బడిపంతులు కాబట్టి 1946లో ఆయనకు ఓటుంది, అది క్రైస్తవుల జాబితాలో. ఇలా విడదీయడం వద్దని రౌండ్ టేబుల్ సమావేశాల నాడే కె.టి. పాల్, ఎస్.కె. దత్తా లాంటి క్రైస్తవ పెద్దలు వాదించారు. చివరికి 1947లో విడి జాబితాలు పోయాయి. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడే. మత మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ కూడా అక్కర్లేదన్న వాళ్లలో ఆయన ముందున్నారు. 1949 మేలో రాజ్యాంగ సభ అదే నిర్ణయించింది. మొదటి సాధారణ ఎన్నికలకు మా నాన్నగారు ఊరందరితో ఒకే లైన్లో నిలబడ్డారు. ముందు కరణంగారు, వెనక చాకలి రాములు అని ఆయన చెబుతుంటే, ఆ లైను మా కళ్లకు కట్టేది. ఒక తరం పట్టుబట్టి వదులుకున్న ఆ విడి జాబితాను పట్టికల పేరుతో మళ్లీ మా చేతిలో ఎందుకు పెడతారు?

క్రైస్తవులకు సమస్యలు లేవని నేను అనడం లేదు. దళిత క్రైస్తవుల సంగతే తీసుకోండి. ఎస్సీలుగా ఎవరిని గుర్తించాలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. దాని మీద అభ్యర్థిని అడగాలి. శ్మశానానికి స్థలం గురించి అడగాలి. అయితే అందరు అభ్యర్థులనూ, నలుగురి ముందూ, మందిరం బయట అడగాలి. జవాబు విని ఎవరి ఓటు వాళ్లు వేసుకోవాలి. గంప కింద దాచి ఇచ్చేదీ, పుచ్చుకునేదీ అయితే అది అడగడం కాదు.

ఆదివారం పోలింగ్ గురించి కొందరు నన్ను అడుగుతుంటారు. 2021లో పంచాయతీ ఎన్నికల నాలుగో విడత ఫిబ్రవరి 21, ఆదివారం వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పోలింగ్. మేం ఆరాధన సాయంత్రానికి మార్చుకున్నాం, ఎవరికీ టెన్షన్ పడాల్సిన పని రాలేదు. మిజోరంలో 2023 డిసెంబర్ 3 ఆదివారం జరగాల్సిన ఓట్ల లెక్కింపును అక్కడి వాళ్లు అడిగితే ఎన్నికల సంఘం సోమవారానికి మార్చింది. అడగడం తప్పు కాదు, మార్చడం మంచి పని. నా మటుకు నాకు ఆదివారం పోలింగ్ కంటే పోలింగ్ ముందు ఆదివారమే ఎక్కువ భయం.

మా మనవరాలికి పోయిన ఏడాది పద్దెనిమిది నిండాయి. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా అదే దాని తొలి ఓటు. కిందటిసారి పంచాయతీకి మా దగ్గర కాగితం బ్యాలెట్టే, పెట్టెలే. అందుకని మొన్న సెలవులకు వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి తొమ్మిదో అధ్యాయం చదివించాను. “అమ్మమ్మా, ముత్తమ్మ ఎవరికి వేసిందో నాకైనా చెప్పవా?” అంది. చెప్పనన్నాను. ఒక పాత కాగితం వెనక గళ్లు గీశాను, పెన్సిల్ మడమకు స్టాంప్ ప్యాడ్ అద్ది ఇచ్చాను. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. మొదటిసారి మరక పక్క గడిలోకి పోయింది. మళ్లీ మడవమన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు